లారీ ఎక్కిన మైలేజీ

నాకు కారు లేదు. ఆ ఒక్క అర్హత మీద మా కాలనీలో నన్ను మైలేజీ పరీక్షకుడిగా నియమించారు.

కారు లేనివాడికి పక్షపాతం ఉండదని మా సంఘం అధ్యక్షులు భుజంగరావుగారి అభిప్రాయం. ఆయన ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. నేను కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి కావడం ఆయనకు అదనపు యోగ్యతగా కనబడింది. "మైలేజీ ఇంజన్లో ఉండదు మాస్టారూ. నడిపేవాడి మనస్తత్వంలో ఉంటుంది. దాన్ని పరీక్షించగల మేధావి మన మధ్యనే ఉండటం సంఘం అదృష్టం" అని సభలో ప్రకటించారు. నేను ఒక్కణ్ణే ఉంటాను. ఆదివారం పొద్దున్న అనేది నాకు వారం మొత్తంలో అతి పొడుగైన సమయం. ఒప్పుకున్నాను.

మా అపార్టుమెంట్లు విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక కొండ మీద ఉన్నాయి. కొండ కింద బస్‌స్టాపు, దాని పక్కన కొబ్బరిబొండాల బండి. అక్కడినుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ మా గేటు దాకా ఎక్కుతుంది. ఫ్లాట్లు కొనేటప్పుడు అందరూ సముద్రాన్ని చూశారు. రోడ్డును ఎవరూ చూడలేదు.

రెండేళ్ళ కిందట ఒకాయన హైబ్రిడ్ ఎస్‌యూవీ కొన్నాడు. అది పెట్రోలుతోనూ నడుస్తుంది, కరెంటుతోనూ నడుస్తుంది. కరెంటు కోసం ఎక్కడా ప్లగ్గు పెట్టక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడూ పల్లం దిగేటప్పుడూ దానంతటదే తయారు చేసుకుంటుంది. ఈ సంగతి ఆయన లిఫ్టులో చెప్పాడు. మా లిఫ్టు చాలా నెమ్మది. వినేవాళ్ళకు తప్పించుకునే దారి లేదు. ఏడాది తిరిగేసరికి సెల్లార్లో దాదాపు అన్నీ అవే బళ్ళు.

కొన్నవాళ్ళకు బండి కంటే బండిలోని తెర మీద కనబడే అంకె ముఖ్యమైపోయింది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో ఆ అంకె ఎప్పటికప్పుడు చెబుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మనిషి వెంట ఏదో ఒక అంకె నడుస్తూనే ఉంటుంది. గ్రేడో, సీనియారిటీయో. రిటైరైన మర్నాడు అది ఆగిపోతుంది. ఆగిపోయిందని పైకి ఎవరూ చెప్పుకోరు గాని, పొద్దున్నే లేచి పేపరు రెండుసార్లు చదవడంలో ఆ వెతుకులాట కనబడుతుంది. మా కాలనీలో ఎక్కువమంది రిటైరైనవాళ్ళే. వాళ్ళకు మళ్ళీ ఒక అంకె దొరికింది. పైగా అది రోజూ పెరగగలదు.

అలా ప్రతి ఆదివారం క్లబ్ హౌసులో యజమానుల అనుభవ సభ మొదలైంది. ఒక్కొక్కరే లేచి ఆ వారం అనుభవం చెప్పేవారు. భజనకు కూర్చున్నట్టు అందరూ కళ్ళు సగం మూసుకుని వినేవారు. "భీమిలి వెళ్ళొచ్చాను. ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది" అని ఒకరంటే చిన్న నిట్టూర్పులు వినబడేవి. తక్కువ వచ్చినవాళ్ళు కారణాలు చెప్పుకునేవారు. ఎదురుగాలి అనీ, బావమరిది లావనీ. భీమిలి ఎలా ఉంది అని ఎవరూ అడగలేదు. వెళ్ళినాయనకూ గుర్తున్నట్టు లేదు.

ఇంతవరకు ఉంటే ఇది కాలక్షేపమే. కానీ సంఘం అన్నాక తీర్మానం చెయ్యకుండా ఉండలేదు.

సెల్లార్లో లిఫ్టు ఎదురుగా ఒకే ఒక్క పార్కింగు చోటు ఉంది. అది మొదటినుంచీ నూకరత్నంగారి కోసం వదిలారు. ఆవిడ నా పక్క ఫ్లాటులో ఉంటారు. స్కూలు టీచరుగా చేశారు. రెండు కిడ్నీలూ పాడై, మంగళవారం, శుక్రవారం కింద ఊళ్ళో ఆసుపత్రికి డయాలసిస్‌కి వెళ్ళొస్తారు. తిరిగొచ్చేసరికి నిలబడే ఓపిక ఉండదు. బండి దిగి రెండడుగులు వేస్తే లిఫ్టు. మిగతా చోట్లన్నీ సెల్లార్లో దూరంగా, మెట్ల కింద; అక్కడినుంచి లిఫ్టుకి మెట్లెక్కి రావాలి.

భుజంగరావుగారు తీర్మానాన్ని తానే చదివారు. "వ్యక్తిగత అవసరము ప్రాతిపదికన పార్కింగు స్థలము కేటాయించుట పాతకాలపు పద్ధతి అయినందున, ఇకమీదట ప్రతిభ ప్రాతిపదికన, అనగా నెలవారీ సగటు మైలేజీ ప్రాతిపదికన, సదరు స్థలము కేటాయించవలెనని సర్వసభ్య సమావేశము ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." దాని కింద ఉపనిబంధనలు. హారన్ బ్యాటరీని వాడుతుంది కనుక కాలనీ బళ్ళన్నిటికీ, ఎక్కడున్నా సరే, నిషేధం. లిఫ్టు ముందు బండి ఆపి మనుషుల్ని దింపడం కూడా నిషేధం. ఆగిన బండి మళ్ళీ కదలడానికి అయ్యే ఇంధనం వృథా అని సాంకేతిక ఉపసంఘం తేల్చింది. నిబంధన గట్టిగా అమలు కావడానికి ఆ చోటు చుట్టూ ఇనప గొలుసు వేసి తాళం పెట్టారు. తాళంచెవి ఆ నెల విజేతకే.

నూకరత్నంగారి భర్త సన్యాసిరావుగారు లేచి మాట్లాడతారనుకున్నాను. ఆయన ఒక షిప్పింగ్ కంపెనీలో లెక్కల విభాగంలో పని చేసినవారు. అన్యాయం అనకపోగా, లేచి సభకు నమస్కారం పెట్టి, దయాదాక్షిణ్యాల మీద వచ్చినదాని కంటే కష్టపడి సంపాదించుకున్నదే తనకు గౌరవం అన్నారు. చప్పట్లు మోగాయి. నూకరత్నంగారు నా వైపు వంగి, "కష్టం ఎవరు పడాలో ఆయనింకా చెప్పలేదు మాస్టారూ" అన్నారు.

నా పని సులువే. నెల మొదటి రోజున అందరి తెరల మీదా సగటును సున్నా చేయిస్తాను. ప్రతి ఆదివారం బండి బండికీ వెళ్ళి, అద్దంలోంచి అంకె చూసి, లిఫ్టు పక్కనున్న నల్లబల్ల మీద సుద్దతో రాస్తాను. బండిని ముట్టుకునే అధికారం నాకు లేదు. ముట్టుకుంటే పక్షపాతం వస్తుందట.

అంకె మరీ తక్కువైనవాళ్ళను నా దగ్గరికి సలహాకు పంపేవారు. ఆ జబ్బుకు 'పాదభారం' అని కార్యవర్గమే పేరు పెట్టింది. ఒక కుర్రాడు వచ్చాడు. బీచిరోడ్డు మీద పొద్దున్నపూట ఒంటరిగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కేస్తున్నాడు. ఎందుకని అడిగాను. చాలాసేపు ఆలోచించి, ఆనందంగా ఉండి సార్, అన్నాడు. నివేదికలో కారణం దగ్గర 'ఆనందం' అని రాసి పంపాను. 'పునరావృతము కాకుండా చూడవలెను' అన్న వ్యాఖ్యతో తిరిగొచ్చింది.

సన్యాసిరావుగారు మొదటి నెలే గెలిచారు. రెండో నెల కూడా మొదటినుంచీ ముందున్నారు. ఆయన్ని ఆదర్శ చోదకుడిగా ప్రకటించి, వెంట వెళ్ళి ఆ మనస్తత్వాన్ని అధ్యయనం చెయ్యమని నాకు ఉత్తర్వు ఇచ్చారు. ఒక మంగళవారం వాళ్ళతో ఆసుపత్రికి వెళ్ళాను.

ఏప్రిల్ నెల. బండి లోపల పొయ్యి మీద మూతపెట్టిన గిన్నెలా ఉంది. ఏసీ వెయ్యలేదు. పైకప్పులో పెద్ద అద్దం ఉంది, అది తెరిస్తే గాలి పట్టి బండి ఆగుతుందని తెరవలేదు. ముందు సీట్లలోంచి చల్లగాలి వచ్చే ఏర్పాటు ఉందట. దాని మీట మీద కంపెనీవాళ్ళు అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. పాటలు లేవు. డిక్కీలోంచి స్టెప్నీ కూడా తీసేశారు. టైరు పంచరైతే ఏం చేస్తారని అడిగితే, పంచరనేది ఎప్పుడో వస్తుంది మాస్టారూ, బరువు మాత్రం రోజూ ఉంటుంది, అన్నారు సన్యాసిరావుగారు.

ఆయన నడిపే తీరు చూడదగ్గది. సిగ్నలు చాలా దూరంలో ఉండగానే కాలు తీసేసి బండిని దానిమానాన వదిలేస్తారు. తెర మీద ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలిగినంతసేపు ఆయన ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చారు. ఒక ఆటో అతను పక్కకి వచ్చి, "ఏటి బాబూ, తొయ్యాలేటి" అని అడిగి వెళ్ళాడు. సన్యాసిరావుగారికి వినబడలేదు.

ముందు సీట్లో నూకరత్నంగారు పమిటతో విసురుకుంటున్నారు. చెమటకి నుదుటి మీది స్టిక్కర్ బొట్టు జారుతుంటే తీసి బండి తలుపు మీద అంటించి, ముఖం తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "డయాలసిస్‌లో ఒంట్లో నీరు తీసేస్తారు మాస్టారూ" అన్నారు నాతో. "కొండ దిగేటప్పుడు బరువు, ఎక్కేటప్పుడు తేలిక. నాకంటే మంచి ప్రయాణికురాలు ఈయనకి దొరకదు."

సన్యాసిరావుగారు నవ్వలేదు. "ఆ చోటు పోతే నువ్వా మెట్లెక్కలేవు రత్నం" అన్నారు, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆసుపత్రిలో నాలుగు గంటలూ ఆయన ఆవిడ పక్కనే కూర్చున్నారు. ఆవిడ చెప్పులు తన సంచీలో పెట్టుకున్నారు, నర్సు సూది గుచ్చేటప్పుడు తానే కళ్ళు మూసుకున్నారు. నా అధ్యయనంలో తేలింది ఇంతే. ఆయనకి భార్య మీద ప్రేమ ఉంది. ప్రేమ ఎంత ఉందో చూపించడానికి ఇన్నేళ్ళుగా కొలబద్ద లేదు. ఇప్పుడు దశాంశ స్థానంతో సహా కనబడుతోంది. అలాంటి అంకెను మనిషి తేలిగ్గా పడనివ్వడు. నివేదికలో ఇది రాయలేదు. 'ఏకాగ్రత గలవారు' అని రాశాను.

ఈలోగా కొండ ఒక సమస్యగా తయారైంది. దిగేటప్పుడు బళ్ళు కరెంటు తయారు చేసుకుంటాయి, అంకె పెరుగుతుంది. ఎక్కేటప్పుడు పెట్రోలు తాగుతాయి, పెరిగిందంతా పోతుంది. "దిగుటలో సభ్యులు కనబరచుచున్న ప్రతిభ, ఎక్కుటలో వ్యర్థమగుచున్నది" అని భుజంగరావుగారు ఆవేదన వ్యక్తం చేశారు. సాంకేతిక ఉపసంఘం పలుమార్లు కూర్చుని పరిష్కారం కనిపెట్టింది. బళ్ళను ఎక్కించకూడదు. ఎక్కించేదాని మీద ఎక్కించాలి.

చెడిపోయిన కార్లను మోసుకెళ్ళే పాత డీజిల్ లారీ ఒకటి కుదిర్చారు. కొండ కింద బస్‌స్టాపు దగ్గర బళ్ళు ఆగుతాయి. లారీ ఒక్కోదాన్ని వీపున వేసుకుని పైకి తెచ్చి గేటు దగ్గర దించుతుంది. ఇంజను ఆపి ఉంటుంది కాబట్టి తెర మీది అంకె చెక్కుచెదరదు. మొదటిరోజు కొబ్బరికాయ కొట్టారు. లారీ పొగ మా మూడో అంతస్తు దాకా వచ్చి, ఆరేసిన బట్టలన్నీ నల్లబడ్డాయి. లారీ మైలేజీ ఎంత ఉంటుందని ఆ కుర్రాడే, ఆనందం కుర్రాడు, సభలో అడిగాడు. లారీ సంఘ సభ్యత్వం తీసుకోలేదు గనుక ఆ ప్రశ్న సభ పరిధిలోకి రాదని అధ్యక్షులు తోసిపుచ్చారు.

లారీ మీదికి ఎక్కించాక బండి దిగడానికి వీల్లేదు, ఎత్తు ఎక్కువ. అందుకని కుటుంబాలు లోపలే కూర్చునేవి. మొదటిసారి నూకరత్నంగారు అలా పైకి వస్తుంటే నేను బాల్కనీలోంచి చూశాను. మెరిసిపోయే తెల్లటి బండి, దాన్ని మోస్తున్న లారీ, అద్దం వెనక చెమటలు కారుతూ కదలకుండా కూర్చున్న ఆవిడ. ఊరేగింపులో అమ్మవారిని తీసుకొస్తున్నట్టు ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పులు విప్పి నమస్కారం పెట్టాడు. అలవాటుగా పెట్టాడో, ఇంకేమనుకున్నాడో తెలీదు.

మూడో నెల పోటీ గట్టిదైంది. ఆడిటర్ పరంజ్యోతిగారు ఒక కొత్త మార్గం కనిపెట్టారు. నెల మొదటి రోజున ఒక్కసారి కొండ దిగి, లారీ మీద పైకొచ్చి, బండికి గుడ్డ కప్పేశారు. మళ్ళీ ముట్టుకోలేదు. ఆయన ఇప్పుడు నాతోపాటు బస్సులో తిరుగుతున్నారు. ఇంత మంచి బండి ఇంతవరకు తన చేతికి రాలేదని బస్సులో నిలబడి చెబుతుంటారు. నల్లబల్ల మీద ఆయన అంకె, సన్యాసిరావుగారి అంకె దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. సన్యాసిరావుగారిది ఒక్క పిసరు ఎక్కువ.

నెలాఖరు ఆదివారానికి ముందు శుక్రవారం. మే నెల మధ్యాహ్నం. నేను బస్సు దిగేసరికి కొండ కింద లారీ కోసం బళ్ళ వరస ఉంది. అన్నిటికీ అద్దాలు దించి ఉన్నాయి. అన్నిట్లోనూ మనుషులు చెమటతో, ఓర్పుగా, క్షమించరాని తప్పేదో చేసి ఎదురుచూస్తున్నవాళ్ళలా కూర్చున్నారు. వరసలో చివర సన్యాసిరావుగారి బండి. పలకరిద్దామని వెళ్ళాను.

నూకరత్నంగారి ముఖం బూడిదరంగులోకి తిరిగింది. తల సీటుకు ఆనించి కళ్ళు మూసుకున్నారు. చేతికి ఇంకా ఆసుపత్రి పట్టీ ఉంది.

"ఏసీ వెయ్యండి" అన్నారు.

"ముందు నాలుగే ఉన్నాయి రత్నం. ఇంకాసేపట్లో మనదే."

"ఏవండీ. వెయ్యండి."

సన్యాసిరావుగారు తెర వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. ఆయన పెదాలు కదిలాయి. లెక్క వేస్తున్నారని నాకు తెలుసు. ఎంత తగ్గుతుంది, పరంజ్యోతి ఎంత మీద ఉన్నాడు, చోటు పోతే ఎన్ని మెట్లు. చెడ్డవాడి ముఖం అలా ఉండదు. బాధపడుతున్న మనిషి ముఖమే అది.

ఆవిడ కళ్ళు తెరిచారు. కొబ్బరిబొండం తాగాలని ఉందన్నారు. అంత నీరు ఆవిడ తాగకూడదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా చెయ్యగలిగిన పని ఒకటి దొరికినందుకు వెంటనే దిగి, రెండు గుక్కలే, అని చెప్పి వెళ్ళారు.

ఆయన అటు తిరగగానే నూకరత్నంగారు చెయ్యి చాపి మీట నొక్కారు. బండి లేచింది, చప్పుడు కూడా లేదు. అద్దాలు పైకెక్కాయి. ఏసీ నిండుగా వేసుకున్నారు. సీటు పక్కన మీట మీది ప్లాస్టిక్ కాగితాన్ని గోటితో పీకి అవతల పారేసి, దాన్నీ నొక్కారు. తర్వాత నుదుటి మీది బొట్టు తీసి, తెర మీద ఆ అంకె ఉన్నచోట సరిగ్గా అంటించారు. అద్దంలోంచి నన్ను చూసి, పరీక్షకులవారూ, మీరేమీ చూడలేదు, అన్నట్టు చెయ్యి ఊపారు. కళ్ళు మూసుకున్నారు.

సన్యాసిరావుగారు బొండం పట్టుకుని వచ్చారు. తలుపు తెరవగానే చల్లగాలి ముఖానికి కొట్టింది. ఆయన చెయ్యి తెర వైపు వెళ్ళింది. ఆపెయ్యడానికే వెళ్ళింది. బొట్టు కనబడి మధ్యలో ఆగింది. అప్పుడు పక్కకి చూశారు. నూకరత్నంగారు నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నారు. డయాలసిస్ మొదలయ్యాక ఆవిడ బండిలో నిద్రపోవడం ఆయన చూసి ఉండరు. ఒక మనిషి నిద్రను గుర్తుపట్టడానికి అంతసేపు పడుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

బొండం నా చేతికిచ్చారు. తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నారు. బండిని వరసలోంచి బయటికి తీసి, లారీని దాటుకుని, కొండ ఎక్కించుకుపోయారు. వరసలో ఉన్న తలలన్నీ ఒక్కొక్కటే తిరిగాయి. హారన్ నిషేధం కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు.

ఆదివారం నేను సుద్దముక్క పట్టుకుని బయల్దేరాను. సన్యాసిరావుగారి తెర మీద ఎర్రటి బొట్టు, దాని చుట్టూ నల్లటి అద్దం. అంకె లేదు. నల్లబల్ల మీద ఆయన పేరుకు ఎదురుగా ఖాళీ వదిలేశాను.

సభలో భుజంగరావుగారు ఆ ఖాళీని చూసి కారణం అడిగారు. అంకె మీద అడ్డు ఉందని చెప్పాను. అడ్డు తొలగించి అంకె నమోదు చేయవలసిందిగా యజమానిని ఆదేశించారు.

సన్యాసిరావుగారు లేచి నిలబడ్డారు. "అది మా ఆవిడ బొట్టండీ" అన్నారు. "నా చేత్తో తియ్యలేను."

సభ ఒక్కసారిగా చల్లబడింది. ఇంతసేపూ విసురుకుంటున్న పేపర్లు ఆగాయి. ఆయన తీయకపోతే పరీక్షకుడు తీయవచ్చునా అని ఎవరో అన్నారు. బండిని ముట్టుకునే అధికారం నాకు లేదని గుర్తు చేశాను. కార్యదర్శి తియ్యవచ్చేమో అని ఇంకొకరన్నారు. కార్యదర్శి తన పక్కన కూర్చున్న తల్లి ముఖం చూసి తల వంచుకున్నారు. పరంజ్యోతిగారు కూడా, గెలుపు గుమ్మంలో ఉండి, తనకేమీ అభ్యంతరం లేదనే మాట పూర్తి చెయ్యలేకపోయారు. జబ్బుతో ఉన్న ఆడమనిషి బొట్టు తియ్యండని ఏ పేరుతో తీర్మానం రాస్తారు. దేనికైనా భాష ఉన్న భుజంగరావుగారికి కూడా దానికి భాష దొరకలేదు.

చివరికి ఆయన, అంకె లేని బండి పోటీలో లేనట్లుగా భావించవలెనని, స్థలము తదుపరి సభ్యునికి చెందునని ప్రకటించారు. అంటే పరంజ్యోతిగారికి. లిఫ్టు ఎదురుగా ఉన్న చోటు కదలని బండికి వెళ్ళింది. సన్యాసిరావుగారు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

చివరి అంశం యజమానుల అనుభవాలు. నూకరత్నంగారు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచారు. బండి ఆవిడ పేరున లేదు గనుక మాట్లాడే హక్కు పరిశీలించాలన్నారు అధ్యక్షులు.

"యజమాని ఆయనే. అనుభవం నాది" అన్నారావిడ.

ఆవిడ పిల్లలకు పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. ఏసీ వేశాక బస్‌స్టాపు దగ్గరే చెమట ఆరిపోయిందట. సీటులోంచి వీపుకి చల్లటి గాలి వచ్చిందట. తడిబట్టలా కాదు, చెరువు గట్టున కూర్చుంటే వచ్చే గాలిలా. కొండ మలుపుల్లో ఒక్క కుదుపు లేదట. మధ్యలో ఒకసారి మెలకువ వస్తే పైకప్పు అద్దం తెరిచి ఉందట, ఆయన ఎప్పుడు తెరిచారో తెలీదట, ఆకాశం కనబడిందట. మళ్ళీ నిద్రపోయారట. "బండి మంచిదే" అని కూర్చున్నారు.

తర్వాత వెనక వరసలోంచి ఒకాయన, ఆ సీటు గాలికి చప్పుడు ఉంటుందామ్మా అని అడిగారు. సన్నగా ఉంటుంది, నిద్ర పడుతుంది, అన్నారావిడ. ఇంకొకరు మోకాళ్ళకు కూడా తగులుతుందా అన్నారు. ఆకాశం ఎంత మేర కనబడుతుందని ఒకావిడ అడిగారు. ఆమె భర్త అదే బండిని కొని ఏడాదిన్నర అయింది. ప్రశ్నలు ఆగలేదు. అన్ని నెలల సభల్లో ఒకరు మరొకర్ని బండి గురించి అడగడం అదే మొదటిసారి.

ఆఖర్న భుజంగరావుగారే, ఇది వ్యక్తిగత ఆసక్తి మాత్రమేనని చెప్పి అడిగారు. "వెనక సీటుకు కూడా వస్తుందా అమ్మా, ఆ గాలి."

"రాదండీ. ముందు సీట్లకే."

ఆయన తల ఊపి, పక్కనున్న భార్య వైపు చూసి, చూపు దించుకున్నారు. బరువు సమంగా ఉండాలన్న సాంకేతిక కారణంతో ఆవిణ్ణి ఎప్పుడూ వెనకే కూర్చోబెట్టేవారు.

మంగళవారం మధ్యాహ్నం నేను లిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. గొలుసు వెనక పరంజ్యోతిగారి బండి గుడ్డ కప్పుకుని ఉంది. సన్యాసిరావుగారి బండి సెల్లార్లోకి వచ్చి, నిషేధం ఉన్న చోట, లిఫ్టు ఎదురుగా ఆగింది. ఇంజను ఆపలేదు. ఏసీ ఆపలేదు. ఆయన దిగి, చుట్టూ తిరిగొచ్చి, తలుపు తెరిచి, సంచీలోంచి చెప్పులు తీసి నేల మీద పెట్టారు. నూకరత్నంగారు తొందర లేకుండా వాటిలో కాళ్ళు దూర్చుకున్నారు. ఆయన భుజం మీద చెయ్యి వేసి రెండడుగులు వేశారు. ఆ రెండడుగులే. అవి ఎప్పుడూ రెండే. ఇన్ని నెలలూ మేమంతా బండి ఎక్కడ నిలబడాలన్న దాని గురించే ఆలోచించాం. మనిషి ఎక్కడ దిగాలన్నది ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

వాళ్ళ వెనక దారి లేక మూడు నాలుగు బళ్ళు ఆగిపోయాయి. హారన్ కొట్టకూడదు. ముందుకు పోలేరు. ఎదురుగా కనబడుతున్న దాన్ని చూస్తూ కూర్చోవడమే. ఆవిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంటున్నంతసేపూ చూశారు. అప్పుడు మొదటి బండి అద్దాలు మెల్లగా పైకి లేచాయి. దాని వెనక బండివి లేచాయి. తర్వాత దాని వెనకది. లోపల ముఖాలు కనబడకుండా పోయాయి గాని, ఒక దాంట్లో ఎవరో సీటు వెనక్కి వాల్చుకోవడం నీడలా తెలిసింది.

లిఫ్టులో నూకరత్నంగారు, "ఈసారి రిపోర్టులో ఏం రాస్తారు మాస్టారూ" అన్నారు. ఇంకా ఆలోచించలేదన్నాను. మా లిఫ్టు నెమ్మదైనది కాబట్టి ఆవిడ నవ్వు పై అంతస్తు దాకా వచ్చింది.

తర్వాతి ఆదివారం మళ్ళీ సుద్దముక్కతో వెళ్ళాను. కొన్ని తెరల మీద అంకెలున్నాయి. కొన్నిటి మీద బొట్లున్నాయి. ఎర్రవి, మెరూన్‌వి, రాళ్ళు పొదిగినవి. భుజంగరావుగారు అప్పుడే రైతుబజారు నుంచి వచ్చారు. ఆయన భార్య ముందు సీట్లోంచి దిగి, కూరల సంచీ తీసుకుని లిఫ్టు వైపు వెళ్ళారు. ఆవిడ నుదురు బోసిగా ఉంది. తెర మీది బొట్టు పెద్దది, అంకెతో పాటు ఇంకా చాలా విషయాలను కప్పేసింది.

బండి ముందు భాగం కింద, గచ్చు మీద, చుక్క చుక్కగా నీళ్ళు పడి చిన్న మడుగు కట్టింది. ఏసీ నడిచిన బండి కింద కారే నీళ్ళు అవి. ఆయన ఆ మడుగును చూశారు. నేను దాన్ని చూడటం కూడా చూశారు.

"రాత్రి వాన పడినట్టుంది మాస్టారూ" అన్నారు.

మేము సెల్లార్లో ఉన్నాం. మా తలల మీద నాలుగంతస్తుల కాంక్రీటు ఉంది.

"బాగా పడిందండీ" అన్నాను.